నిమిషంలోపు ముగిసే పందెం

అమెరికా నడిబొడ్డున నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ అనే నగరం ఉంది. ఆ ఊరి శివార్లలో ఒకప్పుడు విమానాలు ఆగిన విశాలమైన కాంక్రీటు నేల మీద, కొన్నేళ్లుగా ప్రతి సెప్టెంబరులోనూ వెయ్యిమందికి పైగా డ్రైవర్లు చేరుతున్నారు. సోలో నేషనల్స్ అనే ఆ పోటీ 1973లో మొదలైంది. నడిపేది స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. దేశం ఆ కొస నుంచి వచ్చేవాళ్లకు ప్రయాణానికే రోజులు పడుతుంది. తీరా వచ్చాక ఒక్కొక్కరికి దక్కేది రెండు రోజుల్లో ఆరు పరుగులు. ఒక్కో పరుగు సుమారు నిమిషం. ఏడాది పొడుగునా టైర్లు కొని, సెలవులు కూడబెట్టి, ఇంట్లోవాళ్లను ఒప్పించి వచ్చిన మనిషి స్టీరింగు పట్టుకుని పోటీపడేది మొత్తం మీద ఆరు నిమిషాలు. గెలిచినా ఆ గెలుపు కూడు పెట్టదు. సోమవారం మళ్లీ ఆఫీసుకు పోవలసిందే.

ఆరు నిమిషాల కోసం ఇంత చేయడం సమంజసమేనా? సమంజసమేనని నేను నమ్ముతాను. కాకపోతే ఆ ఆరు నిమిషాలు దేన్ని కొలుస్తున్నాయో తెలిసి చేయాలి. ఈ అధ్యాయం ఆ కొలత గురించి.

ఆటోక్రాస్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి మలుపుల దారి ఒకటి ఏర్పాటు చేస్తారు. కార్లు ఒకదాని వెంట ఒకటి విడివిడిగా ఆ దారిలో పరుగెత్తుతాయి. పక్క కారుతో రాసుకోవడం ఉండదు, పోటీ గడియారంతోనే. అమెరికా పద్ధతిలో ఒక్కో కోన్ చుట్టూ నేల మీద చదరపు గీత గీస్తారు. కోన్ పడిపోయినా, ఆ గీత దాటి పూర్తిగా బయటికి జరిగినా 2 సెకన్ల జరిమానా. కదిలి కూడా గీతను తాకుతూ నిలబడే ఉంటే జరిమానా లేదు. ఐరోపాలో ఇదే పేరుతో కొన్ని కార్లు ఒకేసారి మట్టి ట్రాకు మీద తలపడతాయి, అది వేరే ఆట. మన దేశంలో ఎక్కువగా మట్టి మైదానాల్లో, గడియారం మీద జరుగుతుంది. జాతీయ స్థాయిలో మోటార్ స్పోర్ట్‌ను చూసే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ. దాని గుర్తింపు ఉన్న పోటీలో దిగాలంటే ఆ సంస్థ ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి.

ఇక మన ప్రాంతం సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ నెంబరు జాతీయ రహదారి మీదివే. అనంతపురం వైపు నుంచి దిగివచ్చే ఆ రోడ్డు కదిరి దాటి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరి, అక్కణ్నుంచి తమిళనాట కృష్ణగిరిలో ముగుస్తుంది. ఈ మూడు ఊళ్లలో రేసు ట్రాకు లేదు. కానీ మ్యాపు చూస్తే దక్షిణాది మోటార్ స్పోర్ట్ అంతా వీటి చుట్టూనే కనబడుతుంది. పక్కనే బెంగళూరు, అక్కడి క్లబ్బులు, కార్ట్ ట్రాకులు. తూర్పున చెన్నై దారిలో ఇరుంగట్టుకోట్టై ట్రాకు. 1953లో పుట్టి షోలవరం రన్‌వే మీద పందేలు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టుకున్నదే అది. కృష్ణగిరి దిగి సేలం మీదుగా పోతే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే. హైదరాబాద్ కుర్రాడికి లేని సౌలభ్యం కుప్పం కుర్రాడికి ఉంది. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి పోటీలో పాల్గొని రాత్రికి ఇల్లు చేరవచ్చు.

మదనపల్లెలో ఉద్యోగం చేసుకుంటూ, సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి నడుపుకుంటూ, రెండు మూడు పోటీల్లో పాల్గొని రుచి మరిగిన పాతికేళ్ల యువకుణ్ని ఊహించుకుందాం. అతని ప్రశ్న: దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకోవాలి? సరదాగా ఏడాదికి రెండుసార్లు వెళ్లిరావాలా, టైర్లు, సస్పెన్షన్ మార్చి ఛాంపియన్‌షిప్ వెంటపడాలా? ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయని నా ఉద్దేశం. ఎంతవరకు నేర్చుకోవాలన్నది ఒకటి, ఎంతవరకు గెలవాలన్నది రెండోది. రెండింటి ఖర్చూ వేరు, రెండింటి గణితమూ వేరు.

ముందు నేర్చుకోవడం. 1959లో క్రాస్‌మన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చుట్టలు చుట్టే కార్మికుల వేగాన్ని పరిశీలించాడు. కొత్తగా చేరినవాళ్ల నుంచి లక్షల చుట్టలు చుట్టినవాళ్ల దాకా లెక్క తీస్తే, మెరుగుదల ఎక్కడా హఠాత్తుగా ఆగిపోలేదు. అంతకంతకూ నెమ్మదించింది. రెండేళ్లు గడిచి లక్షల చుట్టలు చుట్టాక కూడా చేతులు ఇంకా కొద్దికొద్దిగా వేగం పుంజుకుంటూనే ఉన్నాయి, చివరికి వాళ్లు వాడే యంత్రం వేగమే హద్దు అయ్యేదాకా. 1981లో నూవెల్, రోసెన్‌బ్లూమ్ అనే ఇద్దరు ఇలాంటి ఫలితాలెన్నో ఒకచోట చేర్చి, వాటన్నిటికీ ఒకే ఆకారం ఉందని చూపారు. సాధన రెట్టింపైన ప్రతిసారీ మెరుగుదల దాదాపు ఒకే నిష్పత్తిలో ఉంటుంది. దీన్నే సాధన ఘాత సూత్రం అంటారు.

దీన్ని మన యువకుడికి వర్తింపజేద్దాం. పది పరుగుల తర్వాత, అదే కారులో మంచి డ్రైవరు తీసే సమయానికీ ఇతనికీ తేడా 8 సెకన్లు అనుకుందాం. పరుగులు రెట్టింపైనప్పుడల్లా తేడాలో నాలుగో వంతు కరుగుతుందనుకుందాం. 20 పరుగులకు 6 సెకన్లు, 40కి నాలుగున్నర, 80కి 3.4, 160కి రెండున్నర, 320కి 1.9. మొదటి 10 అదనపు పరుగులు 2 సెకన్లు ఇచ్చాయి. చివరి 160 పరుగులు కలిపి ఇచ్చింది 0.6 సెకను. ఏడాదికి ఆరు పోటీలు, పోటీకి నాలుగు పరుగులు చొప్పున వెళ్తే 320 పరుగులు పూర్తి కావడానికి 13 ఏళ్లకు పైగా పడుతుంది! ఈ అంకెలు నేను ఊహించి వేసినవే. అంకెలు మార్చి చూడండి, వంపు ఆకారం మారదు.

అందువల్ల పోటీలకు వెళ్లడమే సాధన అనుకుంటే దెబ్బతింటాం. పోటీ రోజున ఎనిమిది గంటలు ఎండలో నిలబడి, పడిపోయిన కోన్‌లు సర్దుతూ, స్టీరింగు ముందు కూర్చునేది మూడు నాలుగు నిమిషాలే. ఒక్క ఈవెంటుకు పెట్రోలు, ఎంట్రీ ఫీజు, తిండి, టైర్ల అరుగుదల కలిపి పదివేలు అవుతుందనుకోండి. 50 సెకన్ల పరుగులు నాలుగు దక్కితే ఒక్కో నిమిషం ఖరీదు 3,000 రూపాయలు. అదే డబ్బుతో బెంగళూరు కార్ట్ ట్రాకులో ఎన్నో రెట్లు ఎక్కువసేపు నడపవచ్చు. కార్ట్‌లో తిరిగే మలుపుకూ కారులో తిరిగే మలుపుకూ బరువులోనూ స్టీరింగు స్పర్శలోనూ తేడా ఉంటుంది. అయినా పట్టు జారబోతున్న క్షణాన్ని ఒంటికి నేర్పేది అదే. రేసింగ్‌లో సీటు టైమ్ అంటారు దీన్ని. సీరియస్‌గా తీసుకునేవాడు మొదట కొనవలసింది సీటు టైమే.

కొత్తవాళ్లు మాత్రం ముందు టైర్లు కొంటారు. ఎందుకో అర్థం చేసుకోవాలంటే కాస్త భౌతికశాస్త్రం కావాలి. మలుపులో కారు గరిష్ఠ వేగం మూడింటి మీద ఆధారపడుతుంది: టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, మలుపు వ్యాసార్ధం. ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలమే ఆ వేగం. గుణకం 0.9, వ్యాసార్ధం 15 మీటర్లు అయితే సెకనుకు 11.5 మీటర్లు, అంటే గంటకు 41 కిలోమీటర్లు. గుణకాన్ని 1.1కు పెంచే ఖరీదైన టైర్లు వేస్తే దాదాపు 46 కిలోమీటర్లు. ఇప్పుడు పాత టైర్లే ఉంచి, కోన్‌ల మధ్య ఉన్న వెడల్పునంతా వాడుకుని, కాస్త ముందుగా తిప్పడం మొదలుపెట్టి, 15 మీటర్ల మలుపును 18 మీటర్ల మలుపుగా చదును చేశారనుకోండి. వేగం గంటకు 45 కిలోమీటర్లు. 90 డిగ్రీల మలుపులో, సులువు కోసం వేగం స్థిరంగా ఉందని లెక్కవేస్తే, కొత్త టైర్లు పావు సెకను ఆదా చేస్తాయి. మంచి గీత, అంటే మలుపులో కారు పోయే దారి, 0.3 సెకను ఆదా చేస్తుంది. టైర్లకు వేలు పోయాలి. గీతకు పైసా ఖర్చు లేదు.

అయితే వెడల్పుగా పోవడమే ఎప్పుడూ మంచిదనుకోకండి. వెనక్కి మళ్లే 180 డిగ్రీల మలుపులో 15 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధవలయం తిరగడానికి 4.1 సెకన్లు పడితే, 18 మీటర్లతో 4.5 సెకన్లు పడుతుంది. వేగం పెరిగినా దూరం అంతకన్నా ఎక్కువ పెరిగింది. ఆ మలుపు తర్వాత పొడవాటి తిన్నని దారి ఉంటే బయటికి తీసుకొచ్చిన అదనపు వేగం నష్టాన్ని పూడుస్తుంది. వెంటనే మరో కోన్ ఎదురైతే పూడ్చదు. ఎక్కడ వెడల్పుగా, ఎక్కడ బిగువుగా పోవాలో తేల్చుకోవడమే ఆటోక్రాస్‌లో అసలు మేధస్సు. దాన్ని పోటీకి ముందు కాలినడకన తేల్చుకుంటారు.

ఆ నడకను దగ్గర నుంచి చూస్తే ఎవరు సీరియస్‌గా ఉన్నారో అరగంటలో తెలిసిపోతుంది. కొత్తవాళ్లు గుంపుగా కబుర్లాడుకుంటూ కోన్‌ల మధ్య షికారు చేస్తారు. అనుభవజ్ఞుడు ఒంటరిగా నడుస్తాడు. ప్రతి మలుపు దగ్గరా మోకాళ్లు వంచి, డ్రైవరు సీట్లో కళ్లు ఉండే ఎత్తుకు దిగి చూస్తాడు. నిలబడి చూసినప్పుడు విడివిడిగా కనబడిన కోన్‌లు ఆ ఎత్తు నుంచి ఒకదాని వెనక ఒకటి దాక్కుని గజిబిజిగా మారతాయి. నేల మీద పడుకోబెట్టిన కోన్‌లు దిక్కు చూపేవి. వాటి కొన ఎటుందో గుర్తుపెట్టుకుంటాడు. కంకర ఎక్కడ పోగైందో చెప్పుతో రాసి చూస్తాడు. తర్వాత పక్కకు పోయి కళ్లు మూసుకుని, చేతులు స్టీరింగు పట్టుకున్నట్టు తిప్పుకుంటూ దారి మొత్తం ఒకసారి మనసులో నడుపుతాడు. మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ 1994లో నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తుకొస్తుంది. మలుపుల రోడ్డు మీద డ్రైవర్ల చూపు ఎక్కడ నిలుస్తుందో కొలిస్తే, మలుపు లోపలి అంచు మీదికి ఒకటి రెండు సెకన్ల ముందే చేరుతోందని తేలింది. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 25 మీటర్లు. ఆటోక్రాస్‌లో ఆ 25 మీటర్లలో రెండు మలుపులు రావచ్చు. ఎదుటి కోన్‌ను తప్పించుకోవడం మీదే చూపు పెట్టినవాడు తర్వాతి మలుపుకు ఎప్పుడూ ఆలస్యమే.

టైర్ల విషయంలోనూ ముందు చేయవలసిన చవక పరీక్ష ఒకటుంది. వెయ్యి కిలోల కారు 0.8 జీ బలంతో మలుపు తిరుగుతోందనుకుందాం. దాని గురుత్వ కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, చక్రాల మధ్య దూరం 148 సెంటీమీటర్లు అయితే, దాదాపు 300 కిలోల బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారుతుంది. బరువు పెరిగిన టైరుకు పట్టు కూడా పెరుగుతుంది, కానీ అదే నిష్పత్తిలో పెరగదు. అందుకే స్టీరింగును విదిలించేవాడు మొత్తం మీద పట్టు పోగొట్టుకుంటాడు. బయటి ముందు టైరు అంత బరువు కింద నలిగి పక్కకు ఒరుగుతుంది. ఎంత ఒరిగిందో తెలుసుకోవడానికి టైరు భుజం మీద, ట్రెడ్ అంచు నుంచి పక్క గోడ మీదికి సుద్దముక్కతో నిలువు గీత గీయండి. పరుగు తర్వాత గీత ఎంతవరకు చెరిగిందో చూడండి. పక్క గోడ దాకా చెరిగితే గాలి తక్కువైనట్టు. ట్రెడ్ అంచు దగ్గర కూడా గీత మిగిలి ఉంటే గాలి ఎక్కువైనట్టు. పంక్చర్ షాపులో గాలి పట్టించుకునే ఖర్చు తప్ప మరేమీ లేని ఈ పని చేయకుండా, వేల రూపాయల టైర్ల గురించి ఆలోచించడం నాకు నచ్చదు.

విడిభాగాలు కొనేముందు ఎదుర్కోవలసిన మరో చిక్కు ఉంది, అది గణాంకాలది. మన యువకుడి పరుగుల సమయాలు ఒకదానికొకటి అర సెకను అటూ ఇటూ ఊగుతున్నాయనుకుందాం. కొత్త సస్పెన్షన్ వేశాడు. నిజానికి అది 0.2 సెకను మేలు చేసింది. వేయకముందు నాలుగు పరుగులు, వేశాక నాలుగు పరుగులు సగటు తీసి పోల్చాడు. ఆ రెండు సగటుల తేడాలో సహజంగానే 0.35 సెకను ఊగిసలాట ఉంటుంది. 0.2 సెకను మేలు అందులో మునిగిపోతుంది. సస్పెన్షన్ పనిచేసినా పనిచేయలేదనిపించవచ్చు, అసలు మేలే లేకపోయినా అద్భుతమనిపించవచ్చు. డ్రైవరు పరుగులన్నీ 0.2 సెకను లోపల ఒకేలా రానంత వరకు కారులో మార్పు మంచో చెడో చెప్పగల కొలమానమే అతని దగ్గర లేదు. నిలకడ వచ్చాకే విడిభాగాలకు అర్థం వస్తుంది.

ఇక రెండో ప్రశ్న, గెలవడం. ఇక్కడ ఖర్చులు వేరే రకం. రోజూ ఆఫీసుకు వెళ్లే బండినే పోటీకి తీసుకువెళ్లేవాడు రెండు చట్టపరమైన సంగతులు తెలుసుకుని తీరాలి. మన మోటారు బీమా పాలసీల్లో వాహన వినియోగం మీద ఒక పరిమితి ఉంటుంది. వ్యవస్థీకృత రేసింగ్‌కూ వేగ పరీక్షలకూ ఆ పాలసీ వర్తించదు. మైదానంలో కారు బోల్తాపడితే బాగుచేయించుకునే ఖర్చు పూర్తిగా మనదే. ఇంకా ఆర్‌సీలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. అందువల్ల ఒక దశ దాటాక రోజువారీ బండి, పోటీ బండి వేరు కావలసిందే. రెండో బండి, దాన్ని మోసుకెళ్లే ఏర్పాటు, షెడ్డు, మెకానిక్, అన్నీ వచ్చిపడతాయి. అక్కడ ఖర్చు మెట్టుమెట్టుగా పెరగదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది.

సాధన కోసం హార్సిలీ హిల్స్ ఘాట్ రోడ్డో, రాత్రిపూట పుంగనూరు బైపాసో చాలదా అని అడిగేవాళ్లున్నారు. చాలదు, చేయకూడదు. బహిరంగ రోడ్డు మీద అనుమతి లేకుండా పందెం వేసుకున్నా వేగ పరీక్ష చేసినా 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ రోడ్డు మీద టమాటా లారీలు, పాల వ్యాన్లు, ఆర్టీసీ బస్సులు, నడిచిపోయే మనుషులు ఉంటారు. వాళ్లెవరూ మన పోటీకి ఎంట్రీ ఇవ్వలేదు. ఆటోక్రాస్ పుట్టిందే ఇంకొకరిని ప్రమాదంలో పడేయకుండా కారు హద్దులు తెలుసుకోవడానికి.

సీరియస్‌నెస్‌ను శాస్త్రీయంగా పరిశీలించినవాళ్లలో కెనడా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ స్టెబిన్స్‌ది మొదటి పేరు. సంగీతం, ఖగోళశాస్త్రం, పురాతత్వం, బేస్‌బాల్ వంటివి ఔత్సాహికంగా చేసేవాళ్లను పరిశీలించి, 1982లో వాళ్ల తీరిక సమయానికి గంభీర విరామం అని పేరు పెట్టాడు. అలాంటి మనుషుల్లో ఉమ్మడిగా ఉండే గుణాల్లో కష్టం వచ్చినా వదలకపోవడం, మెట్లుమెట్లుగా ఎదగడం, ఆ పనితో తమను తాము గుర్తించుకోవడం ఉన్నాయి. జీతం లేకపోయినా అది వృత్తిలాగే ఉంటుంది. నాకు ముఖ్యమనిపించేది ఇది: ఔత్సాహికుడు తన ఆటను ప్రొఫెషనల్ అంత లోతుగా తీసుకున్నంత మాత్రాన అతను తప్పుదారి పట్టినట్టు కాదు. మన ఇళ్లలో మాత్రం అన్నం పెట్టని పనిలో లోతుకు పోవడాన్ని పిచ్చి కింద జమకడతారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను.

తీర్పు చెప్పవలసింది మరోచోట. రాబర్ట్ వాలరాండ్ బృందం 2003లో అభిరుచిని రెండు రకాలుగా విడదీసింది. ఒకటి మిగతా జీవితంతో పొసిగే ఇష్టం. అందులో మనిషి పనిని పట్టుకుంటాడు, కావాలనుకున్నప్పుడు వదలగలడు. రెండోది మనిషినే పట్టుకునే మోహం. క్యూబెక్‌లో సైకిలు తొక్కేవాళ్లను పరిశీలిస్తే, మంచు పేరుకుని రోడ్లు జారే చలికాలంలోనూ మానకుండా తొక్కినవాళ్లలో రెండో రకం ఎక్కువగా కనబడింది. రేసింగ్‌కు ఇది అక్షరాలా వర్తిస్తుంది. జ్వరంతో, అరిగిన బ్రేకు ప్యాడ్లతో, ఇంటి కిస్తీ ఆపి మరీ పోటీకి వెళ్లే మనిషి సీరియస్‌గా ఉన్నాడనిపిస్తుంది. అతను తన బండిని తాను నడపడం లేదు.

సికింద్రాబాద్‌లో 1971లో పుట్టిన నటుడు అజిత్ కుమార్ ఉదంతం ఈ సందర్భంలో చూడదగ్గది. 1993లో ప్రేమపుస్తకం అనే తెలుగు సినిమాలో హీరోగా చేసి, తర్వాత తమిళంలో పెద్ద తార అయిన ఆయన 2004లో బ్రిటిష్ ఫార్ములా త్రీ, 2010లో ఫార్ములా టూ పోటీల్లో కారు నడిపారు. చాలా ఏళ్ల విరామం తర్వాత సొంత జట్టు పెట్టుకుని 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకు వెళ్లారు. అంతకు కొన్ని రోజుల ముందు ప్రాక్టీసులో ఆయన కారు గోడను ఢీకొంది. ఆయన క్షేమంగా బయటపడ్డారు. తర్వాత ఆ జట్టు ప్రధాన కారు నుంచి తాను తప్పుకుని, వేరే తరగతిలోని మరో కారు నడిపారు. ఆయన తప్పుకున్న కారు తన తరగతిలో మూడో స్థానం సాధించింది. రేసింగ్ సీజన్‌కూ సినిమాలకూ నెలలు విడదీసుకుంటానని కూడా ఆ రోజుల్లోనే చెప్పారు. ఆయనకున్న వనరులు మదనపల్లె యువకుడికి లేవు. కానీ హెల్మెట్ పెట్టుకుని, జనమంతా చూస్తుండగా, నేను ఈ కారు నడపను అని చెప్పగలగడానికి డబ్బు అక్కర్లేదు.

మన ప్రాంతపు ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇంకో తలుపు తెరిచి ఉంది. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే మీద ఫార్ములా భారత్ పేరుతో విద్యార్థుల పోటీ జరుగుతోంది. విద్యార్థులు తామే తయారుచేసిన చిన్న రేసు కారుతో వస్తారు. ఫార్ములా స్టూడెంట్ తరహా ఈ పోటీల్లో ఆటోక్రాస్ కూడా ఒక అంశం. ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే స్కిడ్‌ప్యాడ్ అనే మరో పరీక్షలో లోపలి వలయం వ్యాసం 15.25 మీటర్లు. మనం పైన వేసుకున్న వర్గమూలం లెక్క అక్కడ గడియారం మీద నిజంగా కనబడుతుంది. మదనపల్లెలోనో కుప్పంలోనో చదివే విద్యార్థి సొంత కారు కొనకుండానే, కాలేజీ వర్క్‌షాపులో వెల్డింగ్ చేతబట్టి ఈ ఆటలోకి రావచ్చు. ఇరవై ఏళ్ల వయసులో ఎవరైనా సలహా అడిగితే నేను చూపించే మొదటి దారి ఇదే.

పాతికేళ్ల యువకుడికి మాత్రం రెండు సీజన్లు ఆగమంటాను. ఆ రెండేళ్లూ నేర్చుకోవడంలో ఎంత లోతుకైనా పోవచ్చు. కార్టింగ్, కోర్సు నడక, సుద్దగీతలు, ప్రతి పరుగు సమయం రాసుకునే నోటుబుక్కు. డబ్బు పెట్టవలసింది మంచి హెల్మెట్, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్ మీద. రెండో సీజన్ అయ్యాక నోటుబుక్కు తెరిచి మూడు అంకెలు చూసుకోవాలి. తన పరుగుల్లో ఊగిసలాట ఎంత, అదే తరగతిలో మొదటివాడితో తేడా ఎంత, నిమిషానికి పడ్డ ఖర్చు ఎంత. ఊగిసలాట 0.2 సెకనుకు దిగి, తేడా ఇంకా సెకనున్నర దగ్గరే ఆగిపోతే, అప్పుడు కారు అడ్డం వస్తోందేమోనని అనుమానించవచ్చు, డబ్బు సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడవచ్చు. ఊగిసలాట ఇంకా అర సెకను దగ్గరే ఉంటే సస్పెన్షన్ కొట్టుకు ఫోన్ చేయకుండా, వచ్చే ఆదివారానికి కార్ట్ ట్రాకులో స్లాట్ బుక్ చేసుకోవాలి.